కొరియర్ చార్జీకి జీఎస్టీ ఎంత? ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లకు లెక్కలతో సహా

"ఆవకాయ ఆరొందలన్నారు, కొరియర్ నూట ఇరవై అన్నారు. అంటే ఏడొందల ఇరవై. మరి బిల్లులో ఏడొందల యాభై ఆరు ఉందేంటండీ?" కూకట్‌పల్లి నుంచి ఒకావిడ ఫోన్. పచ్చడి మీద జీఎస్టీ ఉంటుందని ఆవిడకు తెలుసు. ఆరొందలకు 5 శాతం ముప్పై అని నోటి లెక్క కూడా వేసేసుకుంది. ఆ మిగతా ఆరు రూపాయల దగ్గరే పేచీ. "కొరియర్ మీద కూడా పన్నా? అది మీరు కొరియర్ వాడికిచ్చే డబ్బే కదా!"

ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. గుంటూరులో మేం ఈ చిన్న ఆన్‌లైన్ దుకాణం తెరిచిన కొత్తల్లో మేమూ అచ్చం అలాగే అనుకున్నాం. అలా అనుకున్నందుకు తర్వాత జేబులోంచి కట్టాం కూడా. ఆ కథ చివర్లో చెప్తాను. ముందు పద్ధతి చూద్దాం.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే

మీరు కస్టమర్ దగ్గర వసూలు చేసే షిప్పింగ్ చార్జీకి సొంత జీఎస్టీ రేటంటూ లేదు. డబ్బాలో ఏ సరుకుంటే ఆ సరుకు రేటే దానికీ. పచ్చడి పంపితే 5 శాతం. వన్ గ్రామ్ గోల్డ్ నెక్లెస్ పంపితే 3 శాతం. పుస్తకం పంపితే సున్నా.

దీనికి చట్టంలో రెండు ఆధారాలున్నాయి. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 15(2)(సి) ప్రకారం సరుకు చేతికి అందేలోపు అమ్మేవాడు దాని కోసం వసూలు చేసే ప్యాకింగ్ లాంటి అనుబంధ ఖర్చులన్నీ సరుకు విలువలో భాగమే. సెక్షన్ 2(30) కాంపోజిట్ సప్లై అంటే ఏమిటో చెబుతుంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణ మన వ్యాపారం చూసి రాసినట్టే ఉంటుంది: సరుకును ప్యాక్ చేసి, ఇన్సూరెన్స్ చేసి, రవాణా చేసి ఇస్తే అదంతా కలిపి ఒకే సప్లై, అందులో ప్రధానమైనది సరుకు. సెక్షన్ 8 ప్రకారం ప్రధానమైనదాని రేటే మొత్తానికి పడుతుంది.

జనం ఇక్కడ రెండు రకాలుగా పొరబడతారు.

కొరియర్ కంపెనీ మన దగ్గర 18 శాతం తీసుకుంటోంది కాబట్టి మనమూ కస్టమర్ దగ్గర షిప్పింగ్ మీద 18 శాతం తీసుకోవాలి అనుకోవడం ఒకటి. అక్కర్లేదు. కొరియర్ వాడు మీకు అమ్మేది రవాణా సేవ. మీరు కస్టమర్‌కు అమ్మేది ఇంటికి చేర్చిన పచ్చడి. పొరపాటున 18 శాతం తీసుకున్నారనుకోండి, ఆ ఎక్కువ మొత్తాన్ని మీరు ఉంచుకోవడానికి వీల్లేదు. పన్ను పేరుతో వసూలు చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వానికి కట్టాల్సిందేనని సెక్షన్ 76 చెబుతుంది.

రెండోది కూకట్‌పల్లి ఆవిడ అన్న మాటే. "ఆ డబ్బు మాది కాదు, కొరియర్ వాడిది, మేం మధ్యలో చెయ్యి మార్చామంతే." చట్టంలో ఈ వాదనకు ప్యూర్ ఏజెంట్ అని ఒక పేరుంది, సీజీఎస్టీ రూల్స్‌లో 33వ రూల్. కానీ దాని షరతులు గట్టివి. కస్టమర్ తరఫున మీరు ఏజెంటుగా చెల్లిస్తున్నట్టు ఒప్పందం ఉండాలి. అసలు ఎంతైందో అంతే తీసుకోవాలి, రూపాయి ఎక్కువైనా కుదరదు. మన దగ్గర జరిగేది వేరు కదా. కొరియర్‌తో ఒప్పందం మనది, బిల్లు మన పేరు మీద, మన జీఎస్టీ నంబరుతో వస్తుంది. కస్టమర్ దగ్గర వంద తీసుకుంటాం, ఒక ఊరికి డెబ్భై రెండు పడుతుంది, ఇంకో ఊరికి నూట పది పడుతుంది. దీన్ని ప్యూర్ ఏజెంట్ అంటే ఆడిటర్ ఎవరూ ఒప్పుకోరు.

నిజంగా మీ లెక్కలోకి రాని రవాణా కూడా ఉంది. ఆర్టీసీ బస్సు పార్సిల్ "టు పే" మీద పంపారనుకోండి, అంటే కస్టమరే అవతల కౌంటర్లో డబ్బు కట్టి డబ్బా తీసుకుంటాడు. లేదా కస్టమరే తన ఫోన్లో బైక్ బుక్ చేసి మీ గుమ్మం దగ్గరికి పంపించాడు. రవాణా ఖర్చు తనదేనని ముందే మాట అయి ఉంటే ఆ డబ్బు మీ బిల్లులో రానక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: సైట్లో "ఇంటికి చేర్చే బాధ్యత మాదే" అని రాసి, తీరా ఖర్చు కస్టమర్ చేత కట్టిస్తే సెక్షన్ 15(2)(బి) కింద అది మళ్లీ మీ సరుకు విలువలోకే వచ్చి చేరుతుంది.

మొదటి అడుగు: మీకు రిజిస్ట్రేషన్ కావాలా?

రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను వసూలు చేయకూడదు, సరుకు మీదా, షిప్పింగ్ మీదా. కాబట్టి ముందు ఇది తేలాలి.

సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణ మాత్రం పాత 20 లక్షల హద్దునే ఉంచుకుంది. చాలామంది ఇంతవరకు చదివి "మనకింకా చాలా దూరం ఉంది" అని ఊపిరి పీల్చుకుంటారు. అసలు మెలిక తర్వాత ఉంది.

ఈ హద్దులు రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకే. రాష్ట్రం దాటి ఒక్క సీసా పంపినా సెక్షన్ 24 ప్రకారం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాష్ట్రం దాటడం అంటే ఢిల్లీయో బెంగళూరో కానక్కర్లేదు. గుంటూరు నుంచి హైదరాబాద్ పంపినా రాష్ట్రం దాటినట్టే. మన ఆర్డర్లలో సగం అక్కడికే వెళ్తాయి, సగం చుట్టాలూ అక్కడే ఉంటారు, అది పరాయి ఊరని ఎవరికీ అనిపించదు. 2014 జూన్ 2 తర్వాత పన్ను లెక్కలో మాత్రం అది వేరే రాష్ట్రం. కోదాడ నుంచి విజయవాడకు పంపినా అంతే.

మినహాయింపు ఒకటుంది. కొండపల్లి బొమ్మల్లాంటి, నోటిఫికేషన్‌లో పేర్కొన్న చేతివృత్తి వస్తువులు అమ్మేవాళ్లు 20 లక్షల దాకా రాష్ట్రం దాటి అమ్ముకున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాన్ ఉండాలి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద ఒక చిన్న శాతం కట్టేసే పద్ధతి) ఉన్నవాళ్లకు పరిస్థితి తిరగబడుతుంది: వాళ్లు పక్క రాష్ట్రానికి అసలు అమ్మకూడదు, కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఊళ్లో దుకాణం బాగా నడుస్తూ, పక్కన వెబ్‌సైట్ కూడా పెట్టినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

రెండో అడుగు: మీ సరుకుల రేట్లు ఒక కాగితం మీద రాసుకోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారాయి. పచ్చళ్లు 12 నుంచి 5కి దిగాయి. జంతికలు, మిక్చర్ లాంటివీ 12 నుంచి 5కే. మిఠాయిలు ముందునుంచీ 5. చీర ఎంత ఖరీదైనా 5 శాతమే, ఎందుకంటే అది కుట్టని గుడ్డ. కుట్టిన బట్టలైతే ఒక్కోటి 2,500 రూపాయల దాకా 5, ఆపైన 18. వన్ గ్రామ్ గోల్డ్, అంటే మన చిలకలపూడి రకం నగలు, 3 శాతం. గాజు గాజులు, కుంకుమ, అచ్చు పుస్తకాలు సున్నా.

సరుకు రేటు మారిన రోజునే షిప్పింగ్ రేటూ మారినట్టు. సైట్లో పచ్చడి రేటు దించి, షిప్పింగ్ దగ్గర పాత 12 వదిలేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడే ఒకసారి తెరిచి చూసుకోండి.

మూడో అడుగు: ఇన్‌వాయిస్ వేయడం

కూకట్‌పల్లి ఆవిడ బిల్లే చూద్దాం.

మామిడికాయ ఆవకాయ ఒక కిలో, హెచ్ఎస్ఎన్ (సరుకు కోడ్) 2001: రూ. 600
ప్యాకింగ్, షిప్పింగ్: రూ. 120
పన్ను పడే విలువ: రూ. 720
ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకం మీద పడే జీఎస్టీ) 5 శాతం: రూ. 36
మొత్తం: రూ. 756

షిప్పింగ్‌ను వేరే వరుసలో చూపించడం మీ ఇష్టం. చూపిస్తే కస్టమర్‌కు స్పష్టంగా ఉంటుంది కాబట్టి మేం చూపిస్తాం. కానీ దానికి కొరియర్ సేవల కోడ్ 9968 వేయకండి. ఆ కోడ్ కనబడితే చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు తమంతట తామే 18 శాతం లాగేస్తాయి. సరుకు హెచ్ఎస్ఎన్ కిందే ఉంచండి.

ఈ పేచీలు పడలేక మేం తర్వాత ధరలన్నీ పన్ను కలిపి పెట్టేశాం. ఆవకాయ 630, షిప్పింగ్ 126 అన్నమాట. అప్పుడు వెనక్కి లెక్క కట్టాలి: 756ను 105తో భాగించి 5తో గుణిస్తే పన్ను 36. రేటు 18 అయితే 118తో భాగించి 18తో గుణించాలి. పన్ను కలిసిన మొత్తం మీద నేరుగా 5 శాతం వేస్తే 37.80 వస్తుంది, అది తప్పు. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పిది.

వూకామర్స్ (వెబ్‌సైట్‌లో దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఒక మాట. ధరలు పన్నుతో కలిపి ఉన్నాయని మీరు సెట్టింగులో చెప్పినా, షిప్పింగ్ గడిలో రాసే అంకెను అది పన్ను లేనిదిగానే తీసుకుంటుంది. వంద అని రాస్తే కస్టమర్‌కు 105 పడుతుంది. కచ్చితంగా వంద కావాలంటే 95.24 అని రాయండి. అక్కడే షిప్పింగ్ ట్యాక్స్ క్లాస్ అనే చోట "కార్ట్‌లోని వస్తువులను బట్టి" అనే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోండి. ఇది ఒకే రేటు సరుకులున్న దుకాణానికి చక్కగా సరిపోతుంది. వేర్వేరు రేట్ల సరుకులు ఒకే కార్ట్‌లో పడితే మాత్రం అది పంచదు, ఏదో ఒక రేటునే మొత్తం షిప్పింగ్‌కు వేసేస్తుంది.

ఒకే డబ్బాలో రకరకాల సరుకులు

తలనొప్పి ఇక్కడే. ఒకావిడ 3,000 రూపాయల చీర, దాని మీదికి 1,000 రూపాయల వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు తీసుకుంది. షిప్పింగ్ 120. చీర రేటు 5, నగ రేటు 3. షిప్పింగ్‌కు ఏది?

రెండూ. విలువను బట్టి పంచుకోండి. చీర వాటా నాలుగింట మూడు వంతులు, అంటే 90. నగ వాటా 30. అప్పుడు చీర విలువ 3,090, పన్ను 154.50. నగ విలువ 1,030, పన్ను 30.90. పన్ను మొత్తం 185.40, బిల్లు 4,305.40.

ఎలా పంచాలో సెక్షన్ 15 చెప్పదు. బరువును బట్టి పంచినా సమర్థించుకోవచ్చు. పచ్చడి, పుస్తకం కలిపి పంపేవాళ్లకు అదే సబబు అనిపించొచ్చు కూడా. కానీ ఒక పద్ధతి పట్టుకుంటే ఏడాదంతా అదే ఉండాలి. ఈ నెల విలువ, వచ్చే నెల బరువు అంటే పన్ను తగ్గించుకోవడానికే చేశారనిపిస్తుంది. నా ఓటు విలువకే. బిల్లు చూస్తే చాలు, లెక్క దానంతట అదే తేలుతుంది. తూకం కాగితాలు వెతుక్కోనక్కర్లేదు.

ఒక వస్తువు మీద పన్ను లేకపోతే దాని వాటా షిప్పింగ్ మీదా ఉండదు. 400 రూపాయల గాజు గాజులు, 600 రూపాయల పచ్చడి, షిప్పింగ్ వంద అనుకుంటే, పన్ను పడేది 600కు, షిప్పింగ్‌లో 60కే.

గిఫ్ట్ బాక్సుల సంగతి వేరు. దసరాకు మిఠాయి, దీపపు కుందె, సెంటు సీసా కలిపి "మొత్తం 1,500" అని ఒకే ధర పెట్టారనుకోండి. అది చట్టం భాషలో మిక్స్‌డ్ సప్లై. లోపలున్నవాటిలో ఏది ఎక్కువ రేటో అదే మొత్తం డబ్బాకు పడుతుంది, షిప్పింగ్‌తో సహా. సెంటు 18 శాతం కాబట్టి మిఠాయికీ 18 అంటుకుంటుంది. ఆ సెంటు సీసా తీసేస్తారో, వస్తువులకు విడివిడిగా ధరలు పెట్టి కస్టమర్‌కు ఏరుకునే అవకాశమిస్తారో చూసుకోండి.

2,500 గీత దగ్గర జాగ్రత్త

రెడీమేడ్ బట్టలు అమ్మేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. కుర్తా 2,450, షిప్పింగ్ 100. కుర్తా 2,500 లోపే ఉంది కదా, 5 శాతం అనుకుంటాం. కానీ షిప్పింగ్ కూడా సరుకు విలువలో భాగమేనని పైన చెప్పుకున్నాం. కలిపితే 2,550. గీత దాటింది, 18 శాతం అనే అధికారి చేతిలో అదే సెక్షన్ 15 ఉంటుంది. తేడా చిన్నది కాదు: 5 శాతమైతే పన్ను 127.50, 18 అయితే 459. ఒక కుర్తా మీద మూడొందల పైచిలుకు.

వాదించి గెలవచ్చేమో. ఆ వాదన కోసం ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక చిన్న వ్యాపారికి ఉండదు. ధరను గీతకు దూరంగా పెట్టుకోవడం మేలు. మాకు తెలిసిన ఒక బొటీక్ వాళ్లు 2,450 డ్రెస్సులన్నీ 2,350 చేశారు, షిప్పింగ్ కలిపినా లోపలే ఉంటుందని.

ఫ్రీ షిప్పింగ్, సీఓడీ, ఇతర చిల్లర చార్జీలు

ఫ్రీ షిప్పింగ్ అంటే లెక్క సులువు. షిప్పింగ్ అనే అంకే లేదు, సరుకు ధర మీద పన్ను కడితే చాలు. కొరియర్ ఖర్చును ఆ ధరలోంచి తీసేసి మిగతాదానికే పన్ను కడతామంటే కుదరదు. వెయ్యి దాటితే షిప్పింగ్ తగ్గింపు లాంటివి బిల్లులోనే చూపిస్తే, తగ్గించాక మిగిలిన మొత్తం మీదే పన్ను.

క్యాష్ ఆన్ డెలివరీకి తీసుకునే నలభై యాభై, గిఫ్ట్ ప్యాకింగ్, పెళుసు వస్తువులకు వేసే అదనపు చార్జీ, ఇన్సూరెన్స్, అన్నీ షిప్పింగ్ బాటలోనే నడుస్తాయి.

ఐజీఎస్టీయా, సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీయా?

షిప్పింగ్ మీద ఏ పన్నో విడిగా తేల్చనక్కర్లేదు, సరుకుకు ఏది పడితే అదే. సరుకు చేరే చోటును బట్టి తేలుతుంది. గుంటూరు నుంచి తెనాలికి అయితే సీజీఎస్టీ (కేంద్రం వాటా) రెండున్నర, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) రెండున్నర. గుంటూరు నుంచి వరంగల్‌కు అయితే ఐజీఎస్టీ 5.

బిల్లు ఒకరిది, డబ్బా ఇంకొకరికి అయినప్పుడే గందరగోళం. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు డబ్బు కట్టి, తెనాలిలో అమ్మకు చీర పంపమంటాడు. బిల్లింగ్ అడ్రస్ తెలంగాణ, డెలివరీ అడ్రస్ ఆంధ్ర. రిజిస్ట్రేషన్ లేని మామూలు కస్టమర్ అయితే డెలివరీ అడ్రస్‌నే లెక్కలోకి తీసుకోవాలని 2024 జూన్ 26న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 209వ సర్క్యులర్ తేల్చింది. ఇన్‌వాయిస్ మీద డెలివరీ అడ్రస్‌నే రాయవచ్చని కూడా అందులో ఉంది. మనం గుంటూరులో ఉంటే ఇది రాష్ట్రం లోపలి అమ్మకమే.

ఆ కొడుకు హైదరాబాద్‌లో కాకుండా న్యూజెర్సీలో ఉండి డాలర్లలో కట్టినా అంతే. డబ్బు విదేశం నుంచి వచ్చింది కాబట్టి ఎగుమతి అని సంబరపడొద్దు. సరుకు దేశం దాటలేదు. చాలా సైట్లు బిల్లింగ్ అడ్రస్ చూసి పన్ను సున్నా చేసేస్తాయి. సెట్టింగుల్లో "షిప్పింగ్ అడ్రస్‌ను బట్టి పన్ను" అని ఉందో లేదో చూడండి.

కొరియర్ బిల్లులోని 18 శాతం ఏమవుతుంది?

ఇదే మీకు తిరిగొచ్చే డబ్బు. కూకట్‌పల్లి డబ్బాకు కొరియర్ వాడు మన దగ్గర 110 తీసుకుని, మీద 19.80 జీఎస్టీ వేశాడు. కస్టమర్ దగ్గర వసూలు చేసింది 36. ఈ 19.80 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మనం కొన్నవాటి మీద ముందే కట్టేసిన పన్నుగా) తీసేస్తే ఇంకా కట్టాల్సింది 16.20. సీసాలు, అట్టపెట్టెల మీద కట్టిన పన్ను కూడా తీస్తే ఇంకా తగ్గుతుంది.

క్రెడిట్ రావాలంటే కొరియర్ బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఉండాలి, అది మీ జీఎస్టీఆర్-2బీలో (పోర్టల్ నెలనెలా చూపించే క్రెడిట్ జాబితాలో) కనబడాలి. వీధి చివర కౌంటర్లో నగదు ఇచ్చి చిన్న రసీదు తీసుకుంటే ఆ 18 శాతం నీళ్లలో పోసినట్టే. నెలకు ముప్పై నలభై డబ్బాలు దాటితే కంపెనీ ఖాతా తెరవండి, నెలకొక బిల్లు వస్తుంది.

5 శాతం సరుకులు అమ్మేవాళ్లకు ఒక చిక్కుంది. వసూలు చేసేది 5, కొరియర్‌కు కట్టేది 18. ఎక్కువ దూరాలకు పంపేవాళ్లకు, చౌక సరుకు అమ్మేవాళ్లకు క్రెడిట్ పేరుకుపోతుంది. రేటు తేడా వల్ల పేరుకున్న క్రెడిట్‌ను రిఫండ్ అడగొచ్చు కానీ, అది సరుకుల మీద కట్టిన పన్నుకే. సేవల మీద కట్టినదానికి ఇవ్వరు. సుప్రీంకోర్టు 2021 సెప్టెంబర్‌లో వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో ఇది ఖాయం చేసింది. కొరియర్ సేవ కాబట్టి ఆ క్రెడిట్ వాడుకోవాలే తప్ప చేతికి రాదు.

గాజు గాజులు, పుస్తకాలు, కుంకుమ అమ్మేవాళ్లకు ఇంకా కష్టం. వాళ్ల షిప్పింగ్ మీద పన్ను లేదు, నిజమే. కానీ పన్ను లేని సరుకు కోసం వాడిన కొరియర్ మీద క్రెడిట్ కూడా లేదు. ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే. వాళ్లు షిప్పింగ్ ధర పెట్టేటప్పుడు 110 కాదు, 129.80 పడుతుందని గుర్తుపెట్టుకుని పెట్టాలి.

వెనక్కి వచ్చిన డబ్బాలు

సీఓడీ ఆర్డరు కస్టమర్ తీసుకోకుండా తిప్పి పంపితే మొత్తం ఇన్‌వాయిస్‌కు క్రెడిట్ నోట్ (వేసిన బిల్లును తగ్గిస్తున్నట్టు ఇచ్చే కాగితం) వేయండి, షిప్పింగ్‌తో సహా. మన చేతికి పైసా రాలేదు కదా. కొరియర్ వాడు పోను, రాను రెండు చార్జీలూ వేస్తాడు, వాటి క్రెడిట్ మనదే.

కస్టమర్ తీసుకుని, నచ్చక తిప్పి పంపాడు, మీ పాలసీ ప్రకారం షిప్పింగ్ తిరిగివ్వరు. అప్పుడు సరుకు విలువకే క్రెడిట్ నోట్. ఉంచుకున్న 120 మీద పన్ను అలాగే ఉంటుంది, అదే సరుకు రేటుతో.

ఒక ఆర్థిక సంవత్సరం అమ్మకాలకు వేసే క్రెడిట్ నోట్లు ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు రిటర్నులో చూపించాలి. దారిలో సీసా పగిలి పచ్చడంతా అట్టపెట్టెలోనే కలిసిపోతే ఇంకో పని కూడా ఉంది. పాడైపోయిన సరుకు కోసం కొన్న నూనె, సీసాల మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి రాయాలి. సీసా పోయింది, పచ్చడి పోయింది, క్రెడిట్ కూడా పోయింది.

దేశం దాటే డబ్బాలు

నిజంగా అమెరికా వెళ్లే డబ్బా ఎగుమతి. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) పెట్టి ఉంటే సరుకు మీదా, షిప్పింగ్ మీదా జీఎస్టీ వసూలు చేయనక్కర్లేదు. ఎల్‌యూటీ ఏడాదికొకసారి, ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పైన రిఫండ్ రాదని చెప్పిన కొరియర్ క్రెడిట్ ఎగుమతుల విషయంలో వస్తుంది, ఇక్కడ సేవల మీది పన్ను కూడా లెక్కలోకి తీసుకుంటారు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ఆ సుంకం జీఎస్టీ కాదు, ఎవరు కట్టాలో ఆర్డరప్పుడే కస్టమర్‌కు చెప్పేయండి.

అమెరికాలోనే కూర్చుని చీరలు, పచ్చళ్లు అమ్మే మనవాళ్లకు ఇక్కడి లెక్కేదీ పనికిరాదు. అక్కడ షిప్పింగ్ మీద సేల్స్ ట్యాక్స్ రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో సరుకు మీద పన్ను ఉంటే షిప్పింగ్ మీదా ఉంటుంది. కాలిఫోర్నియాలో పోస్టులోనో కొరియర్‌లోనో పంపి, అసలైన ఖర్చును బిల్లులో విడిగా చూపిస్తే దాని మీద ఉండదు. న్యూజెర్సీలో బట్టల మీద పన్ను లేదు కాబట్టి చీర షిప్పింగ్ మీదా లేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన వేఫెయిర్ తీర్పు తర్వాత దుకాణం లేని రాష్ట్రంలో కూడా అమ్మకాలు హద్దు దాటితే పన్ను వసూలు చేయాలి.

రిటర్నులో ఎక్కడ పడుతుంది?

ఎక్కడా విడిగా పడదు. జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) మామూలు కస్టమర్ల అమ్మకాలు రాష్ట్రాల వారీగా, రేట్ల వారీగా మొత్తాలు వేస్తాం కదా, షిప్పింగ్ ఆ విలువలోనే కలిసి ఉంటుంది. వేరే రాష్ట్రానికి లక్ష దాటిన ఒక్క ఇన్‌వాయిస్ ఉంటే దాన్ని మాత్రం విడిగా చూపాలి. వేరే రాష్ట్రాల మామూలు కస్టమర్లకు అమ్మినది జీఎస్టీఆర్-3బీలోని (పన్ను కట్టే రిటర్నులోని) 3.2 పట్టికలో రాష్ట్రాల వారీగా సరిపోవాలి.

ఇక్కడో చిన్న లాభం. ఆర్డరు డబ్బు మార్చి 29న వచ్చి, డబ్బా ఏప్రిల్ 2న బయల్దేరిందనుకోండి. సేవలకైతే అడ్వాన్స్ అందినప్పుడే పన్ను. సరుకుకు ఇన్‌వాయిస్ వేసినప్పుడే. షిప్పింగ్ సరుకులో భాగం కాబట్టి దానికీ ఏప్రిల్‌లోనే. ఇన్‌వాయిస్ మాత్రం డబ్బా గుమ్మం దాటకముందే వేయాలి.

నెలాఖరు సరిచూపు, మా కథ

మేం మొదటి ఎనిమిది నెలలు ఇన్‌వాయిస్‌లో సరుకు మాత్రమే వేశాం. షిప్పింగ్ వంద సైట్లో వసూలయ్యేది, బిల్లులో కనబడేది కాదు. ఫిబ్రవరిలో మా ఆడిటర్ గారు పేమెంట్ గేట్‌వే స్టేట్‌మెంట్ పక్కన జీఎస్టీఆర్-1 పెట్టుకుని, పెన్ను టేబుల్ మీద రెండుసార్లు కొట్టి, "ఈ నలభై ఒక్క వేలు ఎక్కడివండీ?" అన్నారు. 410 డబ్బాలు, వంద చొప్పున. మేం కొరియర్ డబ్బులని ధీమాగా చెప్పాం. ఆయన ఏమీ అనకుండా కాలిక్యులేటర్ తీశారు.

కస్టమర్లను మళ్లీ అడగలేం కాబట్టి వసూలు చేసిన వందలోనే పన్ను కలిసి ఉన్నట్టు తీసుకున్నారు. 35వ రూల్ ఆ వెసులుబాటు ఇస్తుంది. అప్పుడు పచ్చడి రేటు 12. నలభై ఒక్క వేలను 112తో భాగించి 12తో గుణిస్తే 4,393 రూపాయలు. దాని మీద ఏడాదికి 18 శాతం చొప్పున, ఏ నెలది ఆ నెలకు వడ్డీ. తర్వాతి జీఎస్టీఆర్-1లో సవరణల పట్టికలో నెలల వారీగా విలువలు సరిదిద్ది, 3బీలో పన్ను, వడ్డీ కట్టేశాం. నోటీసు రాకముందే కట్టడంతో అక్కడితో సరిపోయింది. అన్నట్టు, ఆ ఎనిమిది నెలల కొరియర్ బిల్లుల మీద క్రెడిట్ కూడా మేం తీసుకోలేదు, "అది మన డబ్బు కాదు" అనుకుని. గడువింకా ఉంది కాబట్టి అది తీసుకున్నాం. కట్టిన పన్ను కంటే వచ్చిన క్రెడిట్టే ఎక్కువ తేలింది.

అప్పటినుంచీ ప్రతి నెలా మూడో తారీఖున ఒక పని చేస్తాం. గేట్‌వేలో వచ్చిన మొత్తం, కొరియర్ వాడు జమచేసిన సీఓడీ మొత్తం కలిపి ఒక పక్క. ఇన్‌వాయిస్‌ల మొత్తం లోంచి క్రెడిట్ నోట్లు తీసేసి ఇంకో పక్క. ఆర్డరు ఒక నెల, డబ్బా ఇంకో నెల అయినవి విడిగా గుర్తుపెట్టుకుంటాం. రెండు పక్కలా వచ్చే తేడా షిప్పింగ్ చార్జీకి గుణిజంగా కనబడిందంటే, ఎక్కడో ఒక డబ్బా షిప్పింగ్ లేకుండా బిల్లైనట్టే. పోయిన నెల 252 తేడా వచ్చింది. రెండు డబ్బాలు. వాట్సాప్‌లో తీసుకున్న ఆర్డర్లు, చేత్తో బిల్లు రాసింది నేనే.